తువ్వాల కింద గ్రాఫిక్స్ కార్డు

రండప్పా, రండి. అరుగు మీదోళ్లు కాస్త జరగండి, నిలబడినోళ్లు కూర్చోండి. ఫోన్లు బొడ్లో దోపుకోండి. ఆ శనక్కాయలు నమిలే చప్పుడు ఆగితేనే నా నోరు తెరుచుకుంటుంది. మధ్యలో లేచి "ఇది అబద్ధం" అన్నవాడు మిగతా కథ వాడే చెప్పుకోవాలి, నేను ఇంటికి పోతా. ఆపారా? ఆ మూల గుసగుస కూడా? సరే, వినండి.

ఆలూరులో పుల్లన్న అని ఒక ఎద్దుల దలాలి. సంతలో కొనేవాడికీ అమ్మేవాడికీ నడుమ నిలబడి బేరం కుదిర్చి, ఇద్దరి దగ్గరా తన వాటా తీసుకునే మనిషి. ఆయన చూపు ఎలాంటిదంటే, ఆవు నడక చూసి దాని కడుపులో ఉన్న దూడకు ఎన్నో ఏట ఎన్ని పండ్లు వస్తాయో చెప్పేవాడు, పశువు వయసు తెలిసేది పండ్లతోనే కదా. ఒకసారి ఎమ్మిగనూరు సంతలో ఆయన వెనక్కి తిరిగి నిలబడి ఉంటే, అరమైలు దూరాన ఒక ఎద్దు ఆవలించింది. ఆ గాలి వాసన పట్టి, "ఆరు పండ్లు, ఎడమ కాలు కుంటు" అన్నాడు. పోయి చూస్తే కుంటేది కుడి కాలు. సంతంతా కలిసి ఎద్దునే తిట్టింది, కాలు మార్చి కుంటుతున్నందుకు.

పుల్లన్న మెడలో ఎప్పుడూ ఒక ఎర్ర తువ్వాల. బేరాలన్నీ దాని కిందే. ఇద్దరూ చేతులు గుడ్డ కింద పెట్టి వేళ్లు పట్టుకుంటారు. ఒక వేలు పడితే వెయ్యి, అయిదు వేళ్లూ కలిపి పడితే అయిదు వేలు. బొటనవేలితో అరచేతిలో గీకి ఆ తర్వాత వేళ్లు పట్టుకుంటే అది ధర కాదు, దలాలికి చాటుగా ఇచ్చే వాటా. చుట్టూ ఉన్న జనానికి గుడ్డ కదలడం తప్ప ఇంకేమీ కనిపించదు. బేరం తెగక ముందే తువ్వాల లాగినవాడిని సంత మెట్టు మళ్లీ ఎక్కనివ్వరు. అంత కట్టుబాటు.

కుడి చేతికి లావుపాటి వెండి కడియం. "నీ అంత నిజమైన మనిషిని చూడలేదు పుల్లన్నా" అని ఒక పెద్ద రైతు తొడిగాడట. ముప్ఫై ఏళ్లుగా అది చెయ్యి దిగలేదు.

ట్రాక్టర్లు వచ్చాక సంతలో ఎద్దుల కన్నా దలాలీలు ఎక్కువయ్యారు. పుల్లన్న ఇంట్లో టీవీ ముందు చేరాడు. పొద్దున పెడితే పొద్దుగూకే దాకా అదే. ప్రకటనల్లో ఆవు కనబడితే చాలు, లేచి నిలబడి దాని వయసు చెప్పి కూర్చునేవాడు.

ఆ ఇంట్లో ఆయనతో పాటు ఉండేది మనవరాలు శివజ్యోతి, ఇరవై ఏళ్ల పిల్ల. రెండు పంటల కాలం పత్తి విత్తనాల చేలల్లో పువ్వుకు పువ్వు రుద్దే కూలికి పోయింది. పొద్దు నడినెత్తికి రాక ముందే వెయ్యి పువ్వులు గిల్లే వేళ్లు ఆ పిల్లవి. అవే వేళ్లతో ఫోన్లో తుపాకుల ఆట ఆడితే ఎదుటివాడు "ఎవర్రా కాల్చింది" అని అడిగే లోపల ఇంకోసారి చచ్చేవాడు. అది చూసి బెంగుళూరులోని ఒక ఆడపిల్లల జట్టు కబురు పెట్టింది. అయిదుగురిలో ఒక చోటు ఖాళీ ఉంది, నెలనెలా జీతం. కానీ సోమవారం తన సొంత కంప్యూటరు ముందు కూర్చుని ఆడి చూపించాలి. లేదంటే ఆ చోటు ఇంకొక పిల్లకు, శివజ్యోతి మళ్లీ పత్తిచేనుకు. ఆ పిల్ల దగ్గర ఉన్నది కూలి డబ్బు అరవై వేలు. మూడు నెలలు వీడియోలు చూసి ఏ భాగం కొనాలో ఒక కాగితం మీద రాసుకుంది.

శనివారం పొద్దున బయలుదేరుతుంటే పుల్లన్న టీవీ ఆపి లేచాడు. టీవీ ఆపడం అంటేనే ఊరికి పెద్ద వార్త.

"అరవై వేల దుడ్లు పెట్టి కొనేది నేను చూడకుండా ఇల్లు జేరేదే లేదు" అన్నాడు.

"నీకు కంప్యూటరు గురించి ఏం తెలుసు తాతా?"

"పుట్టినప్పుడు నాకు యెద్దు గురించి మాత్రం ఏం తెలుసే?"

కర్నూలు బస్సులో శివజ్యోతి కాగితం విప్పింది. "ఇది ప్రాసెసరు, లెక్కలు చేసేది. ఇది గ్రాఫిక్స్ కార్డు, బొమ్మ చూపించేది. ఒకటి శానా బలంగా ఉండి ఇంగొకటి నీరసంగా ఉంటే ఆట ముందుకు పోదు."

"జత కుదరాలంటావు. ఒగటి లాగుతా, ఇంగొకటి కాళ్లీడుస్తాంటే కాడి వంకర పోతాది."

శివజ్యోతి కాగితం మీది నుంచి తల ఎత్తింది. "అంతే తాతా! మరి ఇది, పవర్ సప్లై. అన్నిటికీ కరెంటు ఇచ్చేది."

"మేత. అందరూ దాంట్లోనే కక్కుర్తి పడతారు. మేత తక్కువైన యెద్దు నడి చేన్లో పండుకుంటాది."

మూడు నెలలు వీడియోల్లో విన్న సంగతే ఇది. తాత చదవకుండా, చూడకుండా చెప్పాడు. శివజ్యోతి కాగితం మడిచి ఆయన జేబులో పెట్టింది. "అంగట్లో నువ్వే చూడు తాతా. నువ్వు ఊ అంటే తీసుకుంటా, ఊహూ అంటే వద్దు."

పుల్లన్నకు ఎన్నేళ్లయిందో అలాంటి మాట విని. బస్సు దిగేటప్పుడు తలుపు చాలక ఛాతీని పక్కకు తిప్పి దిగాడు.

అంగడి ఒక మిద్దె మీద. నడిపేవాడు దావూద్, ముప్ఫై ఏళ్లవాడు, మాట నెమ్మది. మూల చాపమీద వాళ్ల నాయన కూర్చుని చిక్కుపడ్డ వైర్లు విప్పి చుట్టలు చుడుతున్నాడు, బొడ్డుదాకా తెల్లగడ్డం. గోడవార బల్ల మీద ఓబుళేశు అని ఒక మనిషి పాడైన ప్రింటరును దాని అట్టపెట్టెలోనే ఒడిలో పెట్టుకుని తన వంతు కోసం కునుకుతున్నాడు.

దావూద్ మొదట ప్రాసెసరు తెచ్చాడు. పుల్లన్న దాన్ని బోర్లించి చూశాడు. కింద బంగారు రంగులో వెంట్రుకల్లాంటి కాళ్లు, వందలకు వందలు.

"అబ్బా, ఎన్ని పండ్లే దీనికి!" అని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై దాటాక కండ్లు చెదిరి, "వయసులోనే ఉండాది, తీసుకో" అన్నాడు.

ర్యాం అడిగితే దావూద్ పెద్దది ఒకటి చూపించాడు. శివజ్యోతి సగం సైజువి రెండు కావాలంది. "జత!" అని పుల్లన్న అంగడి దద్దరిల్లేలా అరిచాడు. ప్రింటరు మీద కునుకుతున్న ఓబుళేశు ఉలిక్కిపడి ప్రింటరును జోకొట్టాడు. పవర్ సప్లైలు రెండు పెడితే పుల్లన్న చెరొక చేత్తో ఎత్తి చూసి, "ఇది పొట్టు మేసింది, తేలిపోతాంది. ఇది గింజ మేసింది" అని బరువైనది ముందుకు నెట్టాడు.

దావూద్ నవ్వాడు. "పెద్దాయన చెప్పిందే కరెక్టుమ్మా. అది తేలిక సరుకు."

పుల్లన్న మీసం దువ్వుకున్నాడు. ఈ లెక్కన సంతలో ఎద్దులు లేకపోతే ఏంపోయింది, కర్నూల్లో ఇన్ని అంగళ్లు ఉన్నాయి కదా అనిపించింది.

చిక్కు గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. మంచిది సీలు పెట్టెలో ఉంది, మూడేళ్ల గ్యారంటీ. ఇరవై నాలుగు వేలు. మిగతావన్నీ కలిపితే ముప్ఫై ఎనిమిది. తెర ఇంకా తీసుకోనే లేదు, దానికి ఎనిమిది. శివజ్యోతి వేళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచి ఊరుకుంది. పదివేలు తక్కువ. పువ్వులు గిల్లి గిల్లి నల్లబడిన ఆ వేళ్ల కొనలనే చూసుకుంటూ కూర్చుంది.

మనవరాలి మొహం వాడిపోయేసరికి పుల్లన్నకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆయనకు తెలిసిన ఓదార్పు ఒక్కటే, తన గొప్ప చెప్పుకోవడం.

"దిగులు పడొద్దు బిడ్డా. నేనుండేది ఏంటికి? ఒకసారి ఏం జరిగిందో తెల్సునా? ఇరవై ఏండ్ల కింద, ఎమ్మిగనూరు సంత. కాటికి కాళ్లు సాపిన యెద్దు ఒగటి నా చేతికొచ్చె. కొమ్ముల మీద వయసు గీతలుంటాయి గదా, గాజుపెంకుతో గీకేసినా. ఆముదం, మసి కలిపి పూసినా. అరిగిన పండ్లను ఆకురాయితో సాపు జేసినా. పొద్దున్నే బెల్లం నీళ్లు, సారాయి తాపితే కోడెదూడ మాదిరి ఎగిరె! వేంపల్లె నుంచి వచ్చిన ఒక సాయిబు, పాపం, ఇల్లంతా ఊడ్చి తెచ్చినాడు. తువ్వాల కింద నా చెయ్యి పట్టుకుని, 'అన్నా, నిన్ను నమ్మినా' అన్నాడు. మీసాల కింద నవ్వు ఆపుకునేదానికి నా పెదిమె కొరికి రగతం వచ్చె!"

పుల్లన్న నవ్వాడు. ఆ నవ్వుకు ఆ వీధిలో ఆపి ఉన్న స్కూటర్లు రెండు వాటంతటవే స్టార్టయ్యాయి.

"ఆ యెద్దు ఏమాయె తాతా?" అంది శివజ్యోతి.

"నాకేం ఎరుక? పగ్గం ఆయన చేతికిచ్చినాక నా దుడ్లు నేను తీసుకుని మిర్చిబజ్జి తిన్యా."

మూలన వైర్లు చుట్టే చేతులు ఆగిపోయాయి. గడ్డం ముసలాయన తల ఎత్తి పుల్లన్న మొహం చూశాడు, కడియం చూశాడు, ఎర్ర తువ్వాల చూశాడు.

"దావూద్, ఇట్ల రా బేటా" అన్నాడు.

కొడుకు వంగితే చెవిలో చాలాసేపు మాట్లాడాడు. దావూద్ లేచి వెనక గదిలోకి పోయి, ఒక విడి కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెట్టె లేదు, సీలు లేదు. మొహంలో ఇందాకటి నవ్వు కూడా లేదు.

"కొంచెమే వాడిందమ్మా. పద్నాలుగు వేలు. తెరతో కలిపి అరవై సరిగ్గా సరిపోతాది."

శివజ్యోతి కళ్లు వెలిగాయి. వెంటనే అనుమానం కూడా వచ్చింది. దాన్ని తాత చేతికిచ్చింది.

పుల్లన్న కార్డును వెలుతురుకు ఎత్తాడు. ఆ చూపు మాత్రం అబద్ధం కాదప్పా. స్క్రూల తలలు అరిగి ఉన్నాయి, పైన నల్ల రంగు కొత్తగా పూసి ఉంది. ఫ్యాన్ రెక్కల వెనక జిడ్డు మిగిలిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలుతో కడిగిన వాసన. కొమ్ములు గీకి, ఆముదం పూసి, సారాయి తాపిన ఎద్దు ఎలా ఉంటుందో ఆయనకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? నోరు తెరవబోయాడు.

"బేరం పైకి మాట్లాడేది బాగుండదు పెద్దాయనా" అని దావూద్ చెయ్యి చాపాడు. "మా నాయన కూడా సంతలు తిరిగినోడే. నాకు నేర్పించినాడు. తువ్వాల ఇట్లియ్యి."

తువ్వాల మాట వినగానే పుల్లన్న ఒళ్లు జల్లుమంది. ఎన్నేళ్లకు! మెడలోంచి తీసి పరిచాడు, చెయ్యి లోపలికి పోయింది. దావూద్ వేళ్లు వచ్చి పట్టుకున్నాయి. అయిదు, మళ్లీ అయిదు, నాలుగు. పద్నాలుగు. తర్వాత బొటనవేలు అరచేతిలో మెల్లగా గీకింది. ఆ గీకుడు మోచేతి దాకా పాకింది. ఆ తర్వాత అయిదు వేళ్లూ కలిపి ఒక్క పట్టు.

అయిదు వేలు. చాటుగా, ఊ అన్నందుకు.

పద్నాలుగు వేల సరుకుకు అయిదు వేలు దలాలికి ఇస్తున్నారంటే ఆ సరుకు విలువ ఎంతో పుల్లన్నకు వేరే చెప్పక్కర్లేదు. పక్కనే మనవరాలు ఊపిరి బిగబట్టి ఉంది.

"చెప్పు తాతా. బాగుండాదా? నువ్వు ఊ అంటేనే."

పుల్లన్న ఆ పిల్ల మొహం చూశాడు. గుడ్డ కింద చేతిలో ఆ అయిదు వేళ్లు వెచ్చగా ఉన్నాయి. పదేళ్లుగా ఆ వెచ్చదనం లేదు. పది రోజులు ఆడుతుందిలే, సోమవారం గడిస్తే చాలు కదా, ఆ తర్వాత చెడితే చెడనీ, ఎవరి రాత వాళ్లది అనుకున్నాడు. దావూద్ వేళ్లను తిరిగి గట్టిగా పట్టుకున్నాడు. సంతలో దానికి అర్థం ఒప్పుకున్నానని.

"రెండు పండ్ల కోడె మాదిరి ఉండాదమ్మా. కండ్లు మూసుకుని తీసుకో. నీ తాత మాట."

దావూద్ రెండో చేత్తో తువ్వాల లాగేశాడు.

ఎర్రగుడ్డ గాల్లో లేచి ఓబుళేశు నెత్తిమీద పడింది. బల్ల మీద నడిబజార్లో దొంగ దొరికినట్టు పుల్లన్న చెయ్యి దావూద్ అయిదు వేళ్లనూ కరుచుకుని ఉంది. అందరూ చూస్తున్నారు, అయినా ఆ చెయ్యి వదల్లేదు. బేరం తెగే దాకా వదలకూడదని నలభై ఏళ్ల అలవాటు.

"ఆ అయిదు ఏంది?" అంది శివజ్యోతి.

"అయిదు వేలమ్మా" అన్నాడు దావూద్. "ఇది బాగుండాదని నీకు చెప్పినందుకు మీ తాత వాటా. ఈ కార్డు సచ్చి రెండేండ్లాయె. మా నాయన కాయితాలు ఎగరకుండా పైన పెట్టుకుంటాడు. పొద్దున్నే పెట్రోలుతో తుడిచి రంగేసినా, గల్లాపెట్టె మీద షోకుగా ఉంటాదని."

మూలనున్న ముసలాయన చాప మీదనుంచి లేచి వచ్చాడు. పుల్లన్న ఎదురుగా నిలబడి గడ్డాన్ని రెండు చేతులతో మూసి చూపించాడు. గడ్డం లేని ఆ మొహం పుల్లన్నకు గుర్తొచ్చింది.

"ఇమాం వలి నా పేరు. వేంపల్లె. నువ్వు పేరు కూడా అడగల్యా ఆ పొద్దు" అన్నాడు. "నీ యెద్దు పదకొండో దినం నడి చేన్లో పండుకునింది, మల్ల లేయల్యా. విత్తనాల పదును పోతాంది. రెండో యెద్దు పక్కన కాడికి నా పెండ్లాం సర్దార్ బీ బుజం పెట్టింది. మూడు దినాలు దున్నినాం. నాలుగో దినం బుజం పుండాయె. ఆ ఏడే చేను అమ్ముకుని ఈడికొచ్చినాం. నీకు నవ్వు ఎట్లొచ్చిందో ఇన్నేండ్లకు ఈ పొద్దు తెలిసె."

పుల్లన్న అప్పుడు దావూద్ వేళ్లు వదిలి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పోనీలే అబ్బా" అన్నాడు దావూద్ వాళ్ల నాయనతో, "సొంత మనవరాలికే ఇట్ల జేసినోడు మనకు జేసింది తక్కువే."

శివజ్యోతి ఏడవలేదు. ఏడుస్తుందేమోనని అంగడంతా ఎదురుచూసింది, ఓబుళేశు తువ్వాల పక్కకు తప్పించి మరీ చూశాడు. ఆ పిల్ల తాత జేబులోంచి తన కాగితం తీసుకుంది.

"సీలు కార్డే ఇయ్యన్నా. తెర వద్దు. ఇంట్లో టీవీ ఉండాది."

"నా టీవీనా?" అన్నాడు పుల్లన్న. ఆయనకు దొరికిన మొదటి మాట అదే.

"నీదే. ఈ పొద్దు దాకా." లెక్క చూసుకుంది. "ఇంకా రెండు వేలు తక్కువుండాది. కడియం తీయి."

కడియం రాలేదు. ముప్ఫై ఏళ్ల కండ దాని చుట్టూ బలిసిపోయింది. దావూద్ తెరలు తుడిచే మందు తెచ్చి ముంజేతి మీద చిమ్మాడు. శివజ్యోతి పట్టుకుని లాగింది, దావూద్ లాగాడు, ఓబుళేశు ప్రింటరు పక్కన పెట్టి పుల్లన్న నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. కింద టీ అంగడివాళ్లు, మెట్ల మీద పోతున్నవాళ్లు వచ్చి ఓబుళేశు నడుము పట్టుకున్నారు. వరుస మెట్లు దిగి బస్టాండు దాకా పోయిందంటారు, నేను సగం దాకే చూశా. కడియంతో పాటు తోలు కూడా కాస్త లేచి వచ్చింది. పుల్లన్న అమ్మా అన్నాడు. "సంతలో యెద్దులకు ముక్కుతాడు గుచ్చేటప్పుడు అరిచినా వదిలినావా?" అంది మనవరాలు.

ఇమాం వలి కడియాన్ని అరచేతిలో తూచి, పంటితో కొరికి, గోరుతో గీకి వెలుతురుకు పెట్టాడు.

"తగరం" అన్నాడు. "పైన వెండి పూత. ఎవురు తొడిగినారో గానీ, నిన్ను శానా బాగా తెలిసినోడు పుల్లన్నా."

అంగడి నవ్వింది. పుల్లన్న ఆ తగరం వంక చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లు సంతసంతకూ చూపించుకు తిరిగిన చెయ్యి అది.

"అయితే ఇవన్నీ బిగించే పైపెట్టె వద్దు" అంది శివజ్యోతి. "మూడు వేలు మిగుల్తాయి. అన్నా, నీ అట్టపెట్టె ఇస్తావా?"

ఓబుళేశు ప్రింటరును బట్టలు విప్పిన బిడ్డలా ఒడిలో పెట్టుకుని, ఖాళీ పెట్టె ఇచ్చాడు. దావూద్ పక్కలకు రంధ్రాలు కోసి, బోర్డు, కార్డు, అన్నీ దాంట్లోనే బిగించి, అంగడి తెరకు తగిలించి మీట నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. బొమ్మ వచ్చింది. ఆ వెలుగులో శివజ్యోతి మొదటిసారి నవ్వింది, తాత వైపు మాత్రం తిరగలేదు.

సోమవారం ఆ పిల్ల ఇంట్లో టీవీకి ఈ అట్టపెట్టె తగిలించుకుని ఆడింది, చోటు సంపాదించింది. ఆ ఆట సాగినంతసేపూ పుల్లన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, ఇప్పటికీ అటే కూర్చుంటాడు. కానీ అది తర్వాతి సంగతి. అంగట్లో మిగిలిన ముక్క చెప్పి లేస్తా.

శివజ్యోతి పెట్టెను పుల్లన్న వంగిన వీపు మీదికి ఎత్తింది. ఎర్ర తువ్వాలతో దాన్ని ఆయన భుజాలకు బిగించి కట్టి, వెనక నిలబడి నాలుకతో ట్రుక్కుమని శబ్దం చేసింది.

"పా."

తాతా అనలేదు. పుల్లన్న కదిలాడు. గడప దగ్గర ఇమాం వలి పక్కకు జరిగి దారి ఇచ్చి, పోయే ఎద్దును చరిచినట్టు వీపు మీద ఒక్కటి చరిచాడు. అప్పుడు బల్ల మీద ఓబుళేశు గొంతు సవరించుకుని, బోసి ప్రింటరును రెండు చేతుల మీద పైకెత్తి పట్టుకుని కేకేశాడు:

"పుల్లన్నా! పోతా పోతా దీన్ని కూడా ఒకతూరి చూసి పో అప్పా! రెండు దినాలుగా కాయితం నోట్లోకి తీసుకుంటాది గానీ మింగల్యా. పండ్లేమన్నా కదుల్తాండాయేమో!"